పేమారామ్ బోర్లించిన బేసిన

నాకు మనుషుల్ని నమ్మడం చేతకాదు. ఇరవయ్యారేళ్ళు గుంతకల్లు లైన్లో టీటీఈగా చేశాను. బెర్తు కింద ముడుచుకుని పడుకున్నవాణ్ణి, మరుగుదొడ్లో గడియ పెట్టుకున్నవాణ్ణి, చచ్చిపోయిన తాత పాసు మీద తిరిగే మనవణ్ణి, అందర్నీ పట్టుకున్నాను. బిస్కెట్లలో మత్తుమందు పెట్టి దోచుకునే ముఠా ఒకటి మా రైళ్ళలో తిరిగిన రోజులున్నాయి. అప్పటినుంచి పరాయివాళ్ళ చేతి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

రిటైరయ్యాక ఆ బుద్ధి నాతోపాటు ఇంటికొచ్చింది. పాలవాడి మీద అనుమానం, పక్కింటాయన మీద అనుమానం. కూర కాస్త చేదు తగిలితే చాలు, మా ఆవిడ మొహంలోకి చూసేవాణ్ణి. ఒకరోజు ఆమె నా ముందు కంచం పెట్టి, అందులోంచి ముందు తనొక ముద్ద తిని చూపించి, లోపలికెళ్ళి ఏడ్చింది. ఆ తర్వాత రోజూ అంతే. ముందు ఆమె ఒక ముద్ద తినేది, తర్వాత నేను. ఏడవడం మాత్రం మానేసింది. అది చూసి నాకు నా మీదే భయమేసింది.

అప్పుడే హుసేనయ్యగారి దగ్గరికి పోవడం మొదలుపెట్టాను. అనంతపురానికి ఆవల ఒక పల్లెలో పరుపులు కుట్టుకునే దూదేకుల ఆయన. డెబ్బయ్యెనిమిదేళ్ళుంటాయి. హిందువులూ తురకలూ అందరూ ఆయన గుమ్మంలో కూర్చునేవాళ్ళు. అందరికీ ఆయన అయ్య. ఉపన్యాసాలు లేవు, హారతులు లేవు. దూది ఏకుతూ, దుమ్ముకు దగ్గుతూ, మనం చెప్పేది వినేవాడు.

నాకు జపించుకోవడానికి ఒక నామం ఇవ్వండయ్యా, ఈ జబ్బు పోతుంది అని అడిగాను. దూది ఇంకా ఎండలేదు నాయనా అన్నాడు. అలా నాలుగేళ్ళు ఎండలేదు. సరే, ఈయన దగ్గర అసలు ఇవ్వడానికి నామమంటూ ఒకటుందా అని ఆయన మీద కూడా నాకు అనుమానం మొదలైంది. అబద్ధమెందుకు, ఉన్నదే చెబుతున్నాను.

ఆ ఏడు ఫిబ్రవరి చివర్లో అయ్యకు ఒక పిలుపు వచ్చింది. మాలో సుభద్రమ్మ టీచరని ఒకావిడ ఉంది. ఆమె దగ్గర చదువుకున్న కుర్రాడొకడు జైసల్మేరు అవతల ఎడారిలో మనుషుల్ని నడిపించే వ్యాపారం పెట్టాడట. ఐదు రోజుల నడక, దారిలో జంతువుల్ని చూపిస్తారు, రాత్రికి గుడారాలు. టీచరమ్మను, ఆమె గురువును రమ్మని పట్టుబట్టాడు. అయ్య నన్ను చూసి, "నువ్వూ రా వెంకోబా. ఐదు రోజులు నాతో నడువు. ఐదో రోజు నీ సంగతి చూద్దాం," అన్నాడు.

ఆ మాటకు నా గుండె లేచి కూర్చుంది. నాలుగేళ్ళకు తేదీ దొరికింది మరి.

ఎడారి అంటే కష్టం ఉంటుందనుకున్నాను. అక్కడ చూస్తే పెళ్ళివారి విడిది. మేం నడిచి చేరేసరికి ఒంటెబండి ముందే పోయి గుడారాలు వేసేసి ఉంది. లోపల మంచం, మెత్తటి పరుపు, రజాయి, అద్దం. బయట మడత కుర్చీలు, టీ, వేడి పకోడీ. పొద్దున్నే మనిషికొక బకెట్టు వేణ్ణీళ్ళు. ఈ మెత్తటి పరుపు అయ్య వద్దంటాడు, నేల మీద పడుకుంటాడు, అది చూసి నేనూ నేర్చుకోవాలి అని సిద్ధంగా ఉన్నాను. ఆయన పరుపును రెండు చేతులా నొక్కి చూసి, కుట్టు బాగుందని మెచ్చుకుని, చెప్పులు విడిచి హాయిగా కాళ్ళు చాపాడు. నాకేమీ నచ్చలేదు.

ఇక మమ్మల్ని నడిపించే పేమారామ్. యాభై ఏళ్ళ మనిషి, ఎండుకట్టెలా ఉంటాడు, తలకు ఎర్ర పాగా. ఒంటెలు కాసే కులం. వాళ్ళ తాత, తండ్రి అడుగుజాడలు చదవడంలో పేరున్నవాళ్ళట. తప్పిపోయిన ఒంటెను, దాన్ని తోలుకుపోయిన దొంగను ఇసుకలో అడుగు చూసి పట్టేవాళ్ళని చెప్పాడు. దారి పొడుగునా వంగి వంగి చూపించేవాడు. ఇది ఎడారి నక్క, తెల్లారకముందు పోయింది. ఇది ముళ్ళపంది. ఇది జింక, కడుపుతో ఉంది, వెనక కాళ్ళు ఎడంగా వేసింది చూడండి అనేవాడు. అయ్యకు ఉర్దూ వచ్చు, నాకు రైల్వే హిందీ ఉంది, కాబట్టి మాకు ఇబ్బంది లేదు. టీచరమ్మకు నేను చెప్పేవాణ్ణి.

రెండో రోజు మధ్యాహ్నం ఒక బట్టమేక పిట్ట కనిపించింది. కర్నూలు వైపు మా చిన్నప్పుడు ఉండేవి, ఇప్పుడు ఎక్కడా లేవంటారు. గడ్డిలో తల ఎత్తుకుని, పెద్దమనిషి వాహ్యాళికి వచ్చినట్టు నడుస్తోంది. టీచరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాస్త ముందుకెళితే చింకారా జింకలు ఏడెనిమిది, మమ్మల్ని చూసి తోకలాడిస్తూ నిలబడ్డాయి. అందరూ జింకల్ని చూస్తున్నారు. నేను పేమారామ్‌ను చూస్తున్నాను. అవి ఎటు పోతున్నాయో వాడు జాగ్రత్తగా చూసి పెట్టుకున్నాడు.

మొదటి రోజు పొద్దున నీళ్ళ బకెట్ల దగ్గర్నుంచే నేను వాడి మీద ఒక కన్నేసి ఉంచాను. పొద్దున అందరితోపాటు వాడూ ఒక బకెట్టు నీళ్ళు తీసుకుంటాడు. స్నానం చేసిన జాడ ఉండదు. జుట్టు పొడిగా, మెడ మీద నిన్నటి దుమ్ము అలాగే ఉంటుంది. మరి నీళ్ళేమైనట్టు? సాయంత్రం గుడారాలు చేరగానే చంకలో ఒక మూట, చేతిలో ఒక గడ్డపలుగు పట్టుకుని దిబ్బ వెనక్కి పోతాడు. వచ్చేటప్పుడు మూట ఉండదు. ఎక్కడికి పోయావంటే ఊరికే అంటాడు. ఊరికే అన్నవాడి దగ్గర టిక్కెట్టు ఉండదని నా అనుభవం.

అయ్యకు చెప్పాను. వీడు జింకలకు ఉచ్చులు పెడుతున్నాడు, లేకపోతే ఇంకేదో ఉంది, మనం ఈ నడక పెట్టిన కుర్రాడికి చెప్పాలి అన్నాను. అయ్య టీ ఊదుకుంటూ అంతా విన్నాడు.

"నీకు పరుపు సరిగ్గా కుదిరిందా వెంకోబా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. చెప్పేదేమిటి, ఈయన అడిగేదేమిటి. సరే, నా పని నేనే చూసుకుంటాననుకున్నాను.

ఆ రెండో రోజు సాయంత్రం పేమారామ్ దిబ్బ వెనకనుంచి తిరిగొచ్చి ఒంటెల దగ్గర కూర్చోగానే నేను లేచాను. అయ్య, టీచరమ్మ కుర్చీల్లో కూర్చుని పొద్దుగుంకడం చూస్తున్నారు. కాళ్ళు పట్టేశాయి, అటూ ఇటూ తిరిగొస్తానని చెప్పి దిబ్బ దాటాను. ఒక చిన్న జమ్మిచెట్టు, దాని మొదట్లో కొత్తగా తవ్వి సర్దిన ఇసుక. చేతులతో తోడాను. మెడ దాకా పాతిన మట్టికుండ, మూతికి గుడ్డ కట్టి ఉంది. విప్పాను. లోపల నిండా నీళ్ళు. వాసన చూస్తే ఏదో పొగలాంటి, మందులాంటి ఘాటు.

దొరికావురా అనుకున్నాను. మధ్యాహ్నం జింకలు పోయింది సరిగ్గా ఇటే. రాత్రికి దాహంతో వస్తాయి, ఈ మత్తునీళ్ళు తాగి పడిపోతాయి, వీడి మనుషులెవరో వచ్చి ఎత్తుకుపోతారు. అంతా బిస్కెట్ల ముఠా పద్ధతే. కుండ వంచి చివరి చుక్క దాకా ఇసుకలో పోసేశాను. మళ్ళీ గుడ్డ కట్టి, ఇసుక కప్పి, చేతులు దులుపుకున్నాను. జింకల్ని కాపాడానన్న సంతోషంతో ఆ రాత్రి చాలా కాలానికి నాకు మంచి నిద్ర పట్టింది. రేపు పొద్దున్నే ఆధారంతో సహా అందరి ముందూ పెట్టాలనుకున్నాను.

పొద్దున లేచి, బకెట్టు వేణ్ణీళ్ళతో తృప్తిగా స్నానం చేసి టీకి వచ్చేసరికి పేమారామ్ అయ్య ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మొహం నల్లబడి ఉంది. గొంతు పెంచకుండా చెబుతున్నాడు.

వాడి అన్న ఒంటెల మందను తోలుకుని మా వెనకే ఒక రోజు దూరంలో వస్తున్నాడు. ఈ ఏడు వానల్లేక దారిలో బావులన్నీ ఉప్పుదేరిపోయాయి. ఒంటెలకు ఫరవాలేదు, మనిషికే కష్టం. అందుకని వీడు తన వంతు స్నానం నీళ్ళు తోలుతిత్తిలో పోసుకుని పగలంతా మోసి, సాయంత్రం కుండకెత్తి, గుడ్డలో మూటగట్టి తీసుకుపోయి, ప్రతి మజిలీలో జమ్మిచెట్టు కింద పాతి పెడుతున్నాడు. నీళ్ళు చెడకుండా కుండ లోపల మూలికలతో పొగ పట్టిస్తారట. అన్న ఈ మధ్యాహ్నానికి ఇక్కడికి చేరతాడు. మొన్నటి కుండ తర్వాత ఆయనకు ఈ కుండే గతి. పొద్దున్నే వెళ్ళి చూస్తే అది ఖాళీగా ఉంది.

నేను తీసుకోబోయిన టీ గ్లాసు మళ్ళీ కింద పెట్టేశాను.

పేమారామ్ ఇంకా చెబుతున్నాడు. తడిసిన ఇసుకలో అడుగు ఒకటి బాగా పడింది. గాలికి చెదరకుండా దాని మీద పిండి కలిపే సత్తు బేసిన బోర్లించి వచ్చాడు. వాళ్ళ తాతల నాటి పద్ధతి అది. అడుగును మూసిపెడతారు. అక్కడున్నవాళ్ళలో పెద్దవాణ్ణి పిలుస్తారు. ఆయన బేసిన ఎత్తి, ఒక్కొక్కరినీ పక్కన కాలు మోపమంటాడు. అంతదాకా ఎవరి పేరూ ఎవరూ అనకూడదు. అడుగు ఎవరిదని తేలితే వాడు కుండ నింపాలి. నింపితే సరిపోదు. తాగాల్సిన మనిషి వచ్చేదాకా అక్కడే కూర్చుని తన చేత్తో ఇవ్వాలి.

ఇక్కడ పెద్దవాళ్ళు మీరే, మీరే ఎత్తండి బాబా అన్నాడు వాడు అయ్యతో.

నేను నా బూట్లకేసి చూసుకున్నాను. కదిలే రైల్లో నిలబడి నిలబడి నా ఎడమ మడమ ఎప్పుడూ ఒక పక్కకే అరుగుతుంది. మా వీధి చెప్పులు కుట్టేవాడు చూడకుండానే చెబుతాడు. పేమారామ్‌కు చెప్పాల్సిన పనే లేదు. రెండు రోజులుగా నా ముందు నడుస్తూ వెనక్కి చూస్తూనే ఉన్నాడు కదా. పరిగెత్తి పోయి ఆ అడుగును తుడిచేద్దామనిపించింది. కానీ పోవడానికి మళ్ళీ ఇసుకలోనే అడుగులు వెయ్యాలి. నామం పోయింది, నాలుగేళ్ళూ పోయాయి అనుకున్నాను. ఇంటికి పోయి మళ్ళీ ఆ కంచం ముందు కూర్చోవాలి. మా ఆవిడ మళ్ళీ మొదటి ముద్ద తింటుంది.

అయ్య లేచాడు. చెప్పులు వేసుకోలేదు. మమ్మల్ని దిబ్బ మీదే ఆగమని చెయ్యి చూపించి, నెమ్మదిగా దిగి జమ్మిచెట్టు దగ్గరికి పోయాడు. మాకు వీపు పెట్టి వంగి బేసిన ఎత్తాడు. కాసేపు అలాగే వంగి చూశాడు. తర్వాత బేసిన పక్కన పెట్టి, పంచె పైకి లాక్కుని, చూసిన చోటే తన కాలు పెట్టాడు. బరువంతా మోపి నిలబడ్డాడు.

"నాదే," అన్నాడు.

టీచరమ్మ నోరు తెరిచింది. నిన్న సాయంత్రమంతా ఆయన ఆమె పక్క కుర్చీలోనే ఉన్నాడు. అయ్య తలెత్తి చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పేమారామ్ దిగిపోయి, అయ్య కాలు తీశాక, ఆ అడుగు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. నేనూ మెల్లగా దిగి పది గజాల దూరంలో ఆగాను.

"బాబా, దీని కింద ఇంకొక అడుగుంది," అన్నాడు వాడు.

"ఉందేమో. కిందికి తొంగిచూసే అలవాటు నాకు లేదు నాయనా," అన్నాడు అయ్య.

వాడు లేచి మోకాళ్ళకంటిన ఇసుక దులుపుకున్నాడు. అయ్య గుడారం దగ్గరికి పోయి, తన వంతు బకెట్టు తెచ్చాడు. ముట్టుకోనేలేదు, నీళ్ళు చల్లారిపోయి ఉన్నాయి. తొణక్కుండా కుండలో పోశాడు. నేను అరగంట ముందే నా బకెట్టంతా ఒంటి మీద పోసుకుని ఉన్నాను. నా తల ఇంకా తడిగానే ఉంది. అది దాచుకోవడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు.

తర్వాత అయ్య తుండు తల మీద వేసుకుని జమ్మిచెట్టు కింద కూర్చున్నాడు. ఆ చెట్టు నీడ ఒక చాప అంత కూడా లేదు. మీరు నడుస్తూ ఉండండి, ఎండెక్కితే టీచరమ్మకు కష్టం, నేను ఆయనొచ్చాక నీళ్ళిచ్చి ఒంటె మీద వెనకనుంచి వస్తానన్నాడు. అప్పటికే బండివాళ్ళు గుడారాలు విప్పేస్తున్నారు. మంచాలు, పరుపులు, కుర్చీలు అన్నీ బండెక్కుతున్నాయి. ఆ ముసలాయన ఇసుకలో కుండ పక్కన కూర్చుని ఉన్నాడు.

నేను కదల్లేదు. నాలుగడుగులు వేసి దగ్గరికి పోయాను.

"అయ్యా, మీరు లేవండి. నేను కూర్చుంటాను."

"నువ్వెందుకు నాయనా? అడుగు నాది కదా."

ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు. నా ముందు దారి తెరిచే ఉంది. సరేనయ్యా అని తల వంచుకుని నడిచిపోతే చాలు. రెండు రోజులాగితే ఐదో రోజు వస్తుంది, నామం వస్తుంది. పేమారామ్ నోరు విప్పడు, ఆ సంగతి వాడి మొహంలోనే ఉంది.

"కింద ఉన్నది నాదయ్యా," అన్నాను.

పేమారామ్ వైపు తిరిగి హిందీలో మళ్ళీ చెప్పాను. జింకలకు మత్తుమందనుకున్నానని కూడా చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. వాడు టిక్కెట్టు చూసినవాడిలా ఒకసారి తలూపాడంతే.

అయ్య మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాడు. తన తుండు తీసి నా తల మీద వేశాడు.

"బూట్లు విప్పేయ్. ఇసుక మెత్తగా ఉంది," అని టీచరమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

అక్కడ ఒక్కణ్ణే కూర్చున్నాను. కుండను ఇసుకలోంచి తీసి, నీడ ఎటు జరిగితే అటు జరుపుతూ, నేనూ జరుగుతూ ఉన్నాను. ఒక ఎడారి నక్క వచ్చి దూరంగా నిలబడి, నన్నూ కుండనూ చూసి పోయింది. కుండ పక్కన నాలాంటివాణ్ణి చూసి అది అనుమానపడిందంటే తప్పులేదు. దాహమేసినా ఆ నీళ్ళు నేను ముట్టలేదు.

మధ్యాహ్నం దాటాక మంద వచ్చింది. ముందు మువ్వల చప్పుడు, తర్వాత ఇరవై ముప్ఫై ఒంటెలు, వాటి వెనక ఒక ముసలాయన. పెదాలు పగిలి ఉన్నాయి. నేను లేచి రెండు చేతులా కుండ ఎత్తి ఇచ్చాను. నువ్వెవరని అడగలేదు. ఇక్కడెందుకు కూర్చున్నావని అడగలేదు. గటగటా తాగి, మిగిలింది తోలుతిత్తిలో పోసుకుని, మొహం తుడుచుకుని నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. తర్వాత ఒక ఆడ ఒంటె దగ్గరికి పోయి, ఒంటి కాలి మీద నిలబడి, మోకాలి మీద గిన్నె పెట్టుకుని పాలు పితికాడు. నురగతో ఉన్న గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టాడు.

పరాయి మనిషి. పేరు కూడా తెలియదు. గిన్నె మసిబారి ఉంది. కళ్ళు మూసుకుని తాగేశాను. పాలలో కూడా అదే పొగ ఉందని గొంతు దిగాకే తెలిసింది. అడుగు దాకా తాగాక ఏడుపొచ్చింది. ఆయన ఎండదెబ్బ అనుకున్నట్టున్నాడు, నన్ను ఒంటె ఎక్కించి మావాళ్ళ మజిలీకి చేర్చాడు. పాలిచ్చిన సంగతి ఆయనే అయ్యకు చెప్పాడు.

ఐదో రోజు వచ్చింది. జీపులు ఆగేచోట అయ్య తన సంచి సర్దుకుంటున్నాడు. నేను వెళ్ళి ముందు నిలబడ్డాను. ఆయనే అడిగాడు.

"ఆ పొద్దు పాలు తాగే ముందు వాసన చూసినావా?"

"లేదయ్యా."

"అయితే పద, రైలుకు టైమైంది," అన్నాడు.

నామం ఆయన ఇవ్వలేదు, నేనూ మళ్ళీ అడగలేదు.

ఇంటికి చేరిన రోజు మధ్యాహ్నం మా ఆవిడ కంచం పెట్టింది. కాకరకాయ కూర. అలవాటు కొద్దీ ఎదురుగా కూర్చుని, నా కంచంలోంచి మొదటి ముద్ద తీసుకోబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు పెట్టి, కంచం నా వైపు లాక్కున్నాను.